పుత్తూరుకు పోయిన పెట్ట

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున మా పాపను వెంటబెట్టుకుని తిరుపతి రైతుబజారుకు పోయాను. కూరగాయలు కొనుక్కుని బయటికొస్తే గేటు పక్కన ఒకాయన సైకిలు వెనక పెద్ద వెదురుగంప కట్టుకుని నిలబడి ఉన్నాడు. గంప నిండా కోడిపిల్లలు. గులాబీవి, ఆకుపచ్చవి, నారింజవి, ఊదావి. రంగు డబ్బాల్లో ముంచి తీసినట్టు ఉన్నాయి. నిజంగా ముంచే తీస్తారనుకోండి. మా పాప సంచీ కింద పెట్టేసి అక్కడే కూలబడింది.

"అంకుల్, ఇవి బాయ్సా, గర్ల్సా?"

"అన్నీ పెట్టలే పాపా. ఆరు నెల్లు మేపితే రోజుకొక గుడ్డు," అన్నాడాయన తడుముకోకుండా.

నాకు నవ్వొచ్చింది. ఆ గంపలో పెట్ట ఉంటే అది దారి తప్పి వచ్చిందనే లెక్క. గుడ్ల జాతి కోడిపిల్లల్ని హ్యాచరీలో పుట్టిన రోజే వేరు చేసేస్తారు. పెట్టలు ఫారాలకు పోతాయి. పుంజులు గుడ్లు పెట్టవు, తిన్న మేతకు తగ్గ కండ పట్టవు, అందుకని అవి ఎవరికీ అక్కర్లేదు. చాలావాటిని ఆ రోజే చంపేస్తారు. కొన్ని ఇట్లా రంగు పూయించుకుని ఊరి మీద పడతాయి. ఇదంతా ఎనిమిదేళ్ల పిల్లకు రోడ్డు మీద నిలబెట్టి ఏం చెబుతాం! రెండు కొనిచ్చాను. ఒకటి మూడోరోజే పోయింది. రెండోది బాల్కనీలో అట్టపెట్టెలో బల్బు కింద పెరుగుతా ఉంది. ఆకుపచ్చ నూగు ఊడిపోయి తెల్ల ఈకలు వస్తున్నాయి. రోజూ స్కూలు నుంచి రాగానే పాప దాన్ని ఎత్తుకొచ్చి నా ముందు పెడుతుంది.

"నాన్నా, గర్లే కదా?"

"చూద్దాం," అంటాను.

ఆ మాట నాది కాదు. మా అవ్వది.

అవ్వ వాళ్లది పెనుమూరు దగ్గర ఒక పల్లె. నాయన ఉద్యోగం చిత్తూరులో, మేమూ అక్కడే. సెలవులొస్తే సరే, సెలవులు లేకపోయినా శనివారం సాయంత్రం స్కూలు వదలగానే పెనుమూరు బస్సెక్కేవాళ్లం. దారి పొడుగునా మామిడి తోపులు, చెరుకు తోటలు. గానుగలు ఆడే కాలమైతే బెల్లం పాకం వాసన బస్సులోకే కొట్టేది.

మా చిన్నాయన లారీ డ్రైవరు. చిత్తూరు మండీ నుంచి మద్రాసుకు బెల్లం లోడు తోలేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఏదో ఒకటి పట్టుకురాకుండా వచ్చేవాడు కాదు. ఒకసారి ముల్లులేని గ్రామఫోను పెట్టె, ఒకసారి మూతలేని ఇత్తడి కూజా. ప్రతిసారీ చిన్నమ్మ చేత తిట్లు తినేవాడు. 1992 సంక్రాంతి తర్వాత అట్లాగే పల్లావరం శుక్రవారం సంతలో ఆగి, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో ఒక కోళ్ల జతను తెచ్చాడు.

పెట్టె విప్పగానే ఊరు ఊరంతా మా వాకిట్లో ఉంది. పావురం కంటే కాస్త పెద్దవి, అంతే. తెల్లటి ఒళ్లు, నల్లటి తోక. ఆ తోక మామూలు కోడికి ఉన్నట్టు వెనక్కి పోదు, నిటారుగా లేచి తలను తాకేటట్టు ముందుకు వంగుతుంది. కాళ్లు ఉన్నాయా లేవా అన్నంత పొట్టివి. నడిస్తే రెక్కలు నేలకు రాసుకునేవి. పుంజుకు మాత్రం ఎర్రటి ఒంటి జుట్టు, దాని తల కంటే జుట్టే పెద్దది. మా నాటుపుంజు దీన్ని చూసి కొట్లాడాలా, పలకరించాలా తెలియక చాలాసేపు అట్లాగే నిలబడిపోయింది.

"ఇదేం కోడిరా, కూర్చున్నట్టే నడస్తా ఉండాది," అన్నాడు పక్కింటి తాత.

"జపాన్ బాంటమ్ అంట," అన్నాడు చిన్నాయన గొప్పగా. బాంటమ్ అనే పేరు జపానుది కాదు, జావా దీవిలోని బాంటెన్ అనే రేవుది. అక్కడ ఆగిన ఓడలవాళ్లు చిన్న కోళ్లను ఎక్కించుకుపోయి ఆ పేరే పెట్టారు. ఇవేవీ ఆ రోజు మాకు తెలియవు, తెలిసినా ఒరిగేదేమీ లేదు. సాయంత్రానికల్లా అవి ఊరందరికీ పొట్టికోళ్లు.

ఉగాదికి పోయేసరికి పొట్టిపెట్ట గుడ్లు పెట్టడం మొదలుపెట్టి ఉంది. నాటుకోడి గుడ్డు పక్కన పెడితే అది గుడ్డు కాదు, గుడ్డు పిల్ల. పొట్టిపెట్ట తనే పొదుగుతుంది గానీ దాని రెక్కల కింద నాలుగైదు పట్టడమే కష్టం. అవ్వ ఒక నల్ల నాటుపెట్టను ఎంచింది. అది అప్పటికే గుడ్లు మానేసి, ఈకలు ఉబ్బించి, దగ్గరికి పోతే కుర్రుమంటా గంపలో కూర్చుని ఉంది. గంప అడుగున బూడిద చల్లి, వరిగడ్డి పరిచి, ఒక బొగ్గుముక్క, ఒక పాత ఇనుప మేకు వేసింది. ఉరుములకు గుడ్లు మురగకుండా. బేసి లెక్క ఉండాలని తొమ్మిది గుడ్లు పెట్టింది. పెట్టే ముందు ఒక్కొక్క గుడ్డును చేతిలో తిప్పి చూసి, కొన తేలినవాటిని పక్కన పెట్టి గుండ్రటివి ఏరుకుంది చిన్నమ్మ. కొనదేలిన గుడ్డులో పుంజు ఉంటుందంట, గుండ్రటి దాంట్లో పెట్టంట. అవ్వ ఏమీ అనలేదు. ఒక కోడి పెట్టే గుడ్లన్నీ దాదాపు ఒకే వాటంగా ఉంటాయి, కోడి మారితే వాటం మారుతుంది. గుడ్డు వాటాన్ని బట్టి పిల్ల ఉండేట్టయితే ఒక కోడికి అన్నీ పుంజులే, ఇంకోదానికి అన్నీ పెట్టలే పుట్టాలి కదా! ఇది నాకు తట్టడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

ఏడో రోజు రాత్రి చిన్నాయన టార్చిలైటుకు గుడ్డు ఆనించి చూపించాడు. చీకటి గదిలో గుడ్డు మొత్తం ఎర్రగా వెలిగి, మధ్యలో చిన్న నల్ల చుక్క, దాని చుట్టూ సాలెపురుగు కాళ్లలాగా రక్తనాళాలు. ఏడు గుడ్లు అట్లా ఉన్నాయి. ఒకటి ఖాళీగా వెలిగింది. ఇంకోదాంట్లో నాళాలు లేవు, ఒక ఎర్రటి వలయం మాత్రం ఉంది. "ఇది పోయింది," అన్నాడు చిన్నాయన.

సెలవులిచ్చిన మర్నాడే నేను ఊర్లో ఉన్నాను. ఇరవై ఒకటో రోజు పిల్లలవుతాయని లెక్కేసుకుంటే ఇరవయ్యో రోజుకే గంపలో కిచకిచ. ఒక గుడ్డులో పిల్ల పెంకు పగలగొట్టలేక పోయింది. ఆరు బయటపడ్డాయి. ఒక్కొక్కటి నిమ్మకాయంత. వాటిలో నాలుగింటికి పొట్టికాళ్లు, రెండింటికి మామూలు కాళ్లు! చిన్నాయన మొహం మాడిపోయింది. సంతలో అమ్మినవాడు కల్తీ జాతి అంటగట్టాడని ఆ రోజంతా వాణ్ని తిట్టాడు. నెలరోజుల పాటు తిట్టాడు. పాపం, ఆ మనిషి మోసం చేయలేదు. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివిన స్నేహితుడు ఒకడు తర్వాతెప్పుడో చెప్పాడు. ఆ పొట్టికాళ్ల గుణం తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా వస్తే పిల్ల గుడ్డులోనే మొదటి రోజుల్లో చచ్చిపోతుంది. ఒక వైపు నుంచే వస్తే పొట్టికాళ్లు. ఏ వైపు నుంచీ రాకపోతే మామూలు కాళ్లు. అందుకే రెండు పొట్టికోళ్లను జతకట్టినా పిల్లలన్నీ పొట్టివి కావు, నాలుగో వంతు అసలు పుట్టవు. టార్చిలైటులో మేము చూసిన ఎర్రటి వలయం బహుశా అదే.

పిల్లల్ని గుర్తుపట్టడానికి కాళ్లకు రంగు దారాలు కట్టాను. సాయంత్రం అవ్వ చూసి కొడవలితో అన్నీ తెంచేసింది. "కాలు లావయ్యేకొద్దీ దారం కోసుకుపోతాదిరా అబ్బోడా." తర్వాత చిన్నమ్మ గోళ్ల రంగు దొంగిలించి ఒక్కోదానికి ఒక్కో వేలికి పూశాను. పేర్లు పెట్టాను. తల మీద పొగరంగు చుక్క ఉన్నది బొట్టుది. అందరి మీదికీ ఎగబడేది కొరివి. మిగిలిన పొట్టికాళ్లవి రెండూ తిండిపోతు, గుండుది. మామూలు కాళ్లవి రెండూ పెద్దకాళ్లది, ఒంటెది. నా ప్రాణం బొట్టుది. చేయి చాపితే వచ్చి అరచేతిలో కూర్చుని కళ్లు మూసుకునేది.

ఏది పుంజు, ఏది పెట్ట? పాత నోటుబుక్కులో గళ్లు గీశాను. అడ్డంగా పిల్లల పేర్లు, నిలువుగా చెప్పేవాళ్ల పేర్లు.

చిన్నమ్మది ఉంగరం పరీక్ష. ఉంగరానికి దారం కట్టి పిల్ల మీద వేలాడదీస్తే గుండ్రంగా తిరిగితే పెట్ట, ముందుకూ వెనక్కూ ఊగితే పుంజు. కొరివికి పొద్దున పుంజని వచ్చింది, మధ్యాహ్నం పెట్టని వచ్చింది. "పొద్దున గాలి కొట్టింది," అంది చిన్నమ్మ.

పక్కింటి తాతది తువ్వాలు పరీక్ష. పిల్లలు మేస్తుంటే వాటి మీదుగా తువ్వాలు విసురుతాడు. గద్ద వచ్చిందనుకుని తల పైకెత్తి నిలబడేది పుంజు, నేలకు అంటుకుపోయేది పెట్ట. ఆరూ నేలకు అంటుకుపోయాయి. నల్లపెట్ట మాత్రం తువ్వాలు మీదికి ఎగిరి తాత ముంజేయి పొడిచింది. మనిషికి కోపమొచ్చి ఆరింటికీ పెట్ట అని రాయించాడు.

నాది రెక్క పరీక్ష. పిల్లలకు కొక్కెర తెగులు రాకుండా కంట్లో మందు చుక్కలు వేయడానికి పశువుల ఆసుపత్రి నుంచి వచ్చినాయన చెప్పాడు, పుట్టిన ఒకట్రెండు రోజుల్లో రెక్క విప్పి చూస్తే తెలిసిపోతుందని. వినడం విన్నాను గానీ అప్పటికే మా పిల్లలకు వారం. అయినా చూశాను. ఈకలు బాగా వచ్చినవాటికి పెట్ట అని, రానివాటికి పుంజు అని నింపేశాను. బొట్టుదానికి ఈకలు బాగా వచ్చాయి. పెట్ట!

ఇది తప్పు పద్ధతేమీ కాదు, మా కోళ్లకు పనికిరాని పద్ధతి. మా పెదమ్మ కొడుకు ఒకడు హ్యాచరీలో పనిచేసేవాడు. ఒకసారి చూడ్డానికి పోయాను. ట్రేలో వంద పిల్లలు. వాడు ఒకదాన్ని ఎత్తి, బొటనవేలితో రెక్కను విసనకర్రలాగా విప్పి నా కళ్ల ముందు పెట్టాడు. అంచున రెండు వరసల ఈకలు, పైవరస, కిందవరస. కిందవి పైవాటి కంటే పొడుగ్గా ఉంటే పెట్ట. రెండూ సమానంగా ఉన్నా, కిందవే పొట్టిగా ఉన్నా పుంజు. నేను చూసేలోపల వాడు నాలుగు పిల్లల్ని అటు రెండు ఇటు రెండు వేసేశాడు. కాకపోతే అది పనిచేయాలంటే ఈకలు నిదానంగా వచ్చే రకం పెట్టను, తొందరగా వచ్చే రకం పుంజును ఎంచి జతకట్టి ఉండాలి. పెట్ట తన నిదానాన్ని కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకు ఇవ్వదు. అందుకే తేడా. పల్లావరం సంతలో దొరికిన జతకు ఆ లెక్కలు ఎవరు చూశారు? ఇంకో పద్ధతి, పిల్లను తిరగేసి వెనక భాగం నొక్కి చూసేది, 1920లలో జపాన్‌లో మసుయి, హాషిమోతో అనే శాస్త్రవేత్తలు కనిపెట్టింది. అది చేతికి రావాలంటే ఏళ్లు పడుతుంది. చేయి తిరగనివాడు నొక్కితే పిల్లే పోతుంది. మా జపాన్ కోళ్లకు జపాన్ పద్ధతి తెలిసినవాడు పెనుమూరులో లేడు.

నా నోటుబుక్కులో అవ్వ గడి ఒక్కటే ఖాళీ.

"అవ్వా, నువ్వు చెప్పు. బొట్టుది పెట్టేనా?"

"చూద్దాం."

"ఎప్పుడు చూస్తావు?"

"దాన్ని తిననీరా ముందు. పుట్టి పది దినాలు కాలా, ఆడదా మగదా అని దాని ఎంటబడతా ఉండావు."

అవ్వ ఆ మాట విసుక్కుంటా అనింది. అప్పుడు నాకేం అర్థం కాలేదు. మా నాయనకు పైన నలుగురు అక్కలు. మూడో బిడ్డ పుట్టినప్పుడు అవ్వ అత్తగారు పక్క ఊరి నుంచి చూడడానికి వచ్చి, గడపలోనే నిలబడి "ఏం బిడ్డ?" అని అడిగి, చెప్పింది విని, చెప్పులు కూడా విప్పకుండా తిరిగి పోయిందంట. ఈ సంగతి మా అమ్మ చెబితే తెలిసింది, అవ్వ నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. కోళ్లలో పిల్ల ఆడో మగో తేలేది తల్లి నుంచి, మనుషుల్లో తండ్రి నుంచి అని వెటర్నరీ స్నేహితుడు చెప్పినప్పుడు నాకు ఆ గడప, ఆ చెప్పులే గుర్తుకొచ్చాయి. అప్పటికి అవ్వ లేదు.

మేత పని మాత్రం నాది. పొద్దున నూకలు, నానబెట్టిన రాగులు. అసలు విందు చెదలు. పాత కుండలో తడిగడ్డి, పేడ కుక్కి సాయంత్రం చెదపుట్ట పక్కన బోర్లించి వస్తే, తెల్లారేసరికి కుండ లోపల తెల్లగా కదలాడతా ఉండేవి. వాకిట్లో దులిపితే పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి తినేవి. బొట్టుదానికి కొరివి భయం. దూరంగా నిలబడి, మిగతావి తినేసి పోయాక వచ్చి ఏరుకునేది.

అయిదు వారాలకు జుట్లు చెప్పడం మొదలుపెట్టాయి. కొరివికి, పెద్దకాళ్లదానికి నెత్తి మీద గులాబీరంగు తిరిగి, రంపపు పళ్లలాగా లేచింది. తిండిపోతుకు, ఒంటెదానికి ఇంకా పసుపుపచ్చగా, నెత్తికి అతుక్కుని ఉంది. నిలబడడంలోనూ తేడా వచ్చింది. కొరివి ఛాతీ ఎత్తి నిలబడేది, కాళ్లు కూడా లావెక్కాయి. ఎదురెదురుగా ఎగిరి ఛాతీలు గుద్దుకోవడం చూసి పుంజులని తేల్చకూడదు, ఆ వయసులో పెట్టలూ గుద్దుకుంటాయి. గుండుదాని సంగతి తేలకుండానే జూన్ మొదట్లో గద్ద ఎత్తుకుపోయింది. బొట్టుదాని జుట్టు అటూ కాదు ఇటూ కాదు. ఒకరోజు ఎర్రగా అనిపించేది, ఒకరోజు పాలిపోయినట్టుండేది. నాకు టెన్షన్.

ఆ టెన్షన్‌కు కారణం వేరే. నేను స్కూలు తెరిచి చిత్తూరు పోయిన వారంలోనే ఊర్లో కోళ్లకు కొక్కెర తెగులు తగిలింది. పొద్దున బాగున్న కోడి సాయంత్రానికి మెడ తిప్పుకుని, తెల్లగా ఆకుపచ్చగా పారుకుని పడిపోయేది. తాత వాళ్లింట్లో గంప ఖాళీ అయింది. మావి బతికాయి. కంట్లో వేసిన చుక్కల వల్ల అని నా నమ్మకం. కానీ చిన్నమ్మ ఆ ముందు రోజే పసుపునీళ్లు చల్లి గంగమ్మకు మొక్కుకుంది. "మా పొట్టిపిల్లలకు తెగులు తగలకుంటే, వాటిలో ఎన్ని పుంజులుంటే అన్నీ నీకే తల్లీ." పిల్లలు బతకడానికి పిల్లల్నే మొక్కుకోవడం ఏంటో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. పుంజు ఎంత బరువుండాలో అమ్మవారు చెప్పలేదు కాబట్టి ముప్పావు కిలో కూడా తూగని పుంజులతో మొక్కు తీరిపోతుందని చిన్నాయన మాత్రం సంతోషపడ్డాడు.

వానలు లేవని ఆ ఏడు మా ఊర్లో జాతర ఆగస్టులో పెట్టారు. పిల్లలకు పధ్నాలుగు వారాలు నిండాయి. కొరివి అప్పటికి నెలరోజులుగా కూస్తా ఉంది. మొదట్లో పాత తలుపు కిర్రుమన్నట్టు సగంలో తెగిపోయేది, తర్వాత సాగింది. పెద్దకాళ్లది కూడా కూసింది. బొట్టుది కూయలేదు. చిన్నదిగా, మెత్తగా, నల్లపెట్ట వెనకే తిరిగేది. బలమైన పుంజు కళ్లెదురుగా ఉంటే చిన్నపుంజు నోరెత్తదని, దాని జుట్టు కూడా ఎదగడానికి జంకుతుందని నాకు తెలియదు. చిన్నమ్మకూ తెలియదు.

జాతరకు ముందు ఆదివారం అవ్వ నాకు ఈకలు చూడడం నేర్పింది. తెల్లకోడి కాబట్టి రంగును చూసి చెప్పలేం. రంగు కోళ్లయితే మెడ మీద మెరుపును బట్టి దూరం నుంచే తెలుస్తుంది. అవ్వ కొరివిని ఒళ్లో పెట్టుకుని, నడుముకు తోక మొదలుకు మధ్య ఉన్న ఈకల్ని బొటనవేలితో ఎదురు దువ్వి, ఒకటి పీకి నా చేతికిచ్చింది. సన్నగా, పొడుగ్గా, కొనకు వచ్చేసరికి సూది. తర్వాత తిండిపోతుది అదే చోట నుంచి ఒకటి పీకింది. వెడల్పుగా, కొన గుండ్రంగా.

"యేపాకు మాదిరి ఉంటే పుంజు. చింతాకు మాదిరి ఉంటే పెట్ట. జుట్టు మోసం చేస్తాది, ఇది చేయదు."

రెండు ఈకల్నీ నోటుబుక్కులో పెట్టుకున్నాను. చిన్నమ్మ వంటింట్లోంచి కేకేసింది. "అత్తా, ఆ బొట్టుదాని సంగతీ తేల్చేయండి. మంగళవారం పొద్దున తేల్చుకుంటా కూర్చోలేం."

పొద్దు వాలుతోంది. నేను బొట్టుదాన్ని తెచ్చి ఇచ్చాను. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపిస్తోంది. అవ్వ దాన్ని ఒళ్లో వేసుకుని చాలాసేపు ఊరికే వీపు నిమిరింది. అది కళ్లు మూసుకుంది. ఎదురు దువ్వింది. ఒక ఈక పీకింది. దాన్ని వెలుతురుకేసి ఎత్తిపట్టి ఒక్క క్షణం చూసింది. నేను తల చాపేలోపల దాన్ని రెండుగా మడిచి, వక్కాకు తిత్తితో పాటు రొంటిన దోపుకుంది.

"పెట్టే," అంది లోపలికి వినపడేట్టు. "ఇంట్లో రెండుండాయి, చాలు. దీన్ని పుత్తూరుకు పంపించండి. దాని ఇంట్లో కోళ్లు లేవు, గుడ్లకు పనికొస్తాది."

పుత్తూరు అంటే ఊరందరికీ విరిగిన ఎముకలు, కట్టు. మాకు మూడో మేనత్త. గడపలోంచే అవ్వ అత్తగారు చూడకుండా తిరిగి పోయింది ఆ బిడ్డ కోసం వచ్చే. సోమవారం పొద్దున చిన్నాయన గుడ్డసంచీలో బొట్టుదాన్ని వేసి, తల మాత్రం బయటికి వదిలి, మూతి కట్టి బస్సెక్కాడు.

మంగళవారం జాతర. కొరివి, పెద్దకాళ్లది పసుపు కుంకాలు పెట్టించుకుని గుడి దగ్గరికి పోయాయి. రాత్రికి రాగిసంగటి, పులుసు. రెండు పొట్టిపుంజులు ఇంటిల్లిపాదికీ ఎక్కడ సరిపోతాయి, ముక్క కంటే పులుసే ఎక్కువ. నేనూ తిన్నాను. దాచుకోవడం దేనికి. నా ముక్క కొరివిదా, పెద్దకాళ్లదా అని మాత్రం ఎవర్నీ అడగలేదు.

రెండు వారాల తర్వాత శనివారం పోయేసరికి పుత్తూరు మామ రాసిన కార్డు వచ్చి ఉంది. చిన్నాయన లారీ మీద ఉన్నాడు, చిన్నమ్మకు చదువు రాదు. వాకిట్లో అరుగు మీద కూర్చుని నేనే గట్టిగా చదివాను. అందరూ క్షేమం, వానలు లేవు, అత్తకు పన్ను నొప్పి తగ్గింది, వగైరా. చివర్న చోటు చాలక అక్షరాలు చిన్నవి చేసి రాశాడు:

"మీరు పంపిన పెట్ట బాగుంది. వచ్చిన నాలుగో రోజు నుంచి తెల్లవారి నాలుగు గంటలకే గోడ ఎక్కి కూస్తా ఉంది. వీధిలో అందరం లేస్తున్నాము. గుడ్లు ఎప్పటి నుంచి పెడుతుందో అత్తమ్మ గారిని అడిగి రాయగలరు."

చిన్నమ్మ రోలు దగ్గర చేయి ఆపి అవ్వ వైపు చూసింది. అవ్వ అరుగు చివర కూర్చుని చేటలో రాగులు చెరుగుతా ఉంది. తల ఎత్తలేదు.

"ఆ పొద్దు చీకటి పడింది గదా నాయనా. కండ్లు ఆనలా," అని, రాగుల్లోంచి ఆవగింజంత రాయిని గోటితో ఏరి వాకిట్లోకి విసిరేసింది.